కుంచె బావ గీసిన ఆడ చిరుత

బస్సు డిపో గోడ పక్కనున్న టీ కొట్టులో పొద్దున్నే బెంచీలు నిండాయంటే టీ బాగుందని కాదు, కుంచె బావ వచ్చాడని. ఊళ్లో సగం దుకాణాల బోర్డులు ఆయన రాసినవే. అయితే మరదలి పుణ్యమా అని గీసిన చిరుత బొమ్మ టౌన్‌హాలు గోడకెక్కాక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. మరదలు ఫారెస్ట్ గార్డు. కొండ మీద క్వారీ పడబోతుంటే, అక్కడ బతికే జంతువు మొహం చూస్తేనైనా జనం కదులుతారేమోనని ఆమే బావని తీసుకెళ్లి పొదల వెనక కూర్చోబెట్టింది. బొమ్మ కుదిరింది. మీసాలు లెక్కపెట్టుకోవచ్చు. జనం వచ్చి చూశారు, కళ్లు తుడుచుకున్నారు, గొడవ చేశారు, క్వారీ ఆగింది. అంతవరకూ నిజం. ఆ నిజం చాలదనిపించడమే బావకున్న జబ్బు.

"మామూలుగా అయితే చిరుత మనిషి వాసన తగిలితేనే మాయమైపోతుంది," అన్నాడు ఆ రోజు, గ్లాసు పక్కన పెట్టి. "నా దగ్గరికి మాత్రం వచ్చింది. నీళ్లు తాగింది, తలెత్తి చూసింది, నేనూ చూశాను, ఎవరు ముందు కళ్లార్పుతారా అని ఇద్దరం పందెం పడ్డట్టు ఉన్నాం, చివరికి అదే తల దించుకుంది."

"చిరుతకి సిగ్గేంటి బావా?" అన్నాడు దర్జీ.

"బొమ్మ గీయించుకునేటప్పుడు ఎవరికైనా ఉంటుంది. నీ పెళ్లి ఫొటో ఓసారి చూసుకో! సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు అదే చోటికి వచ్చి, కాళ్లు కూడా నిన్న ఎట్లా పెట్టిందో అట్లాగే పెట్టి కూర్చుంది. ఎండ పడుతోంది, కాస్త ఇటు తిరగమ్మా అన్నాను. తిరిగింది! చెవి కుదరట్లేదంటే చెవి నిక్కించింది. మధ్యలో ఓ జింక పక్క నుంచే పోతే, నా పని చెడుతుందని దాన్ని వదిలేసి, పాపం, ఖాళీ కడుపుతో కూర్చుంది."

"అయ్యాక చూపించావా దానికి?" టీ పోస్తూ అడిగింది కొట్టు అక్క.

"చూపించకుండా వస్తానా అక్కా! నా వెనకొచ్చి నిలబడింది. ఊపిరి మెడకి వెచ్చగా తగులుతోంది. అంతా చూసి, పంజా ఎత్తి, బొమ్మలో ఎడమ చెంప మీద ఆనించింది. ఏమిటా అని చూద్దును కదా, అక్కడో మచ్చ తక్కువ పెట్టాను! దిద్దితే గానీ కదల్లేదు."

"ఇదంతా ఎక్కడ?" అన్నాడు బస్సు డ్రైవరు.

"విరిగిన వంతెన దాటి, వాగు వెంట ఎడమకి పోతే జంట బండల కింద మడుగు లేదూ? అక్కడే. కావాలంటే చూసి రండి, నేను కూర్చున్న చోట గడ్డి ఇంకా లేవలేదు."

ఎంత పెద్ద కోతలు కోసినా మధ్యలో ఓ ఖచ్చితమైన గుర్తు తగిలిస్తే జనం గుటుక్కున మింగేస్తారని ఆయన అనుభవం. ఆ గుర్తు నిన్నా చెప్పాడు, మొన్నా చెప్పాడు.

అప్పుడే జీపు ఆగింది. మరదలు దిగి, బూట్లకి బురదతోనే వచ్చి చివరి బెంచీ మీద కూర్చుంది. మామూలుగా అయితే "ఇంకాస్త సాగదియ్యి బావా" అని నవ్వేది. ఇవాళ నవ్వలేదు. అక్క టీ ఇస్తే వద్దంది. బావ అది గమనించాడు గానీ, ఇంతమంది నోళ్లు తెరుచుకుని చూస్తుంటే ఆగేదెట్లా?

"టౌన్‌హాల్లో బొమ్మ పెట్టిన రోజు చూడాలి! వీధి కుక్కలన్నీ ఊరొదిలి పారిపోయాయి. క్వారీ యజమాని బొమ్మ ముందుకొచ్చాడో లేదో, చిరుత కళ్లు ఆయన ఎటు పోతే అటే తిరిగాయి, గుర్రుమంది కూడా, నా చెవులారా విన్నాను! పరుగో పరుగు. అక్కడితో అయిపోయిందా? కొండ మీద జంతువులన్నీ, ఎలుగుబంటి దగ్గర్నుంచి ముళ్లపంది దాకా, మా గుమ్మం ముందు వరస కట్టాయి, మా బొమ్మలూ గీయవయ్యా, మా జోలికీ ఎవరూ రారు అని. మా ఆవిడ తలుపు తీసి, ఆయన భోంచేస్తున్నారు, సాయంత్రం రండి అంది!"

బెంచీలు కిర్రుమనేలా నవ్వారు అందరూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నేను చెప్తాను," అంది మరదలు. "తెల్లారేసరికి ఆ మడుగు దగ్గర ఉచ్చులో ఆడ చిరుత పడుంది. బండి క్లచ్ వైరు, ముందు కాలికి బిగుసుకుంది. బతికే ఉంది. ఉచ్చు పెట్టినవాళ్లలో ఒకడు దొరికాడు. చోటెట్లా తెలిసిందిరా అంటే, టీ కొట్టులో రోజూ చెప్తారుగా అన్నాడు." బావ వైపు తిరిగింది. "చిరుత నీ మాట విన్నదో లేదో నాకు తెలియదు బావా. వాళ్లు మాత్రం శ్రద్ధగా విన్నారు."

అందరూ ఎవరి గ్లాసులోకి వాళ్లు చూసుకున్నారు. తిట్టినా బాగుండేది. నేను ఊరికే సరదాకి, అనబోయాడు బావ.

"లే. పనుంది," అంది ఆమె.

జీపులో విషయం చెప్పింది. ఆ మడుగుకి వచ్చే ఆడ చిరుతలు రెండు. ఒకదానికే పిల్లలున్నాయి, నువ్వు గీసినదానికి. ఉచ్చులో పడింది ఏ చిరుతో తేలాలి. "దాని మొహం నువ్వు చూసినంత దగ్గరగా మేమెవరమూ చూడలేదు."

ఆ మాటకి బావ కిటికీ వైపు తిరిగాడు. పొదల వెనక కూర్చోబెట్టిన రోజు ఆమె ఒక్కటే అడిగింది, చోటు బయటపెట్టొద్దని. సరేనన్నాడు. బొమ్మలో బండల ఆకారం కూడా మార్చేశాడు, ఎవరూ పోల్చుకోకూడదని. చేత్తో అంత జాగ్రత్తగా దాచినదాన్ని నోటితో పంచిపెట్టాడు.

పశువుల ఆసుపత్రిలో మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. కాలికి కట్టు. కళ్ల మీద గుడ్డ. డాక్టరమ్మ ఆ గుడ్డ పైకెత్తింది. బావ వంగి చూశాడు. ఇది కాకూడదు, కాకూడదు అనుకుంటూనే చూశాడు. కుడి కనుబొమ మీద ఒకదాన్నొకటి అంటుకున్న మచ్చలు. బొమ్మలో అవి కుదరక ఎన్నిసార్లు గీకి మళ్లీ వేశాడో!

"అదే," అన్నాడు. "పిల్లల తల్లి."

"కాలు ఉంటుంది, కుంటు పోదు," అంది డాక్టరమ్మ. "పిల్లల్ని ఎక్కడ వెతకాలో తెలుసా?"

తెలుసు. రంగులు కలుపుకుంటూ ఓసారి చూశాడు, అవి ఏ రాళ్ల సందులోకి దూరాయో. ఆ ముక్క ఏ కోతలోకీ రాలేదు, ఎందుకంటే అందులో తను లేడు. గుమ్మం దగ్గర కాంపౌండరు, జీపు డ్రైవరు, ఎవరెవరో గుమిగూడి చెవులు రిక్కించారు. బావ వాళ్లని దాటుకుని మరదలి దగ్గరికెళ్లి, చెవిలో, ఆమెకి కూడా సరిగా వినపడనంత మెల్లగా చెప్పాడు. "మళ్లీ చెప్పు," అందామె. మళ్లీ చెప్పాడు.

పిల్లలు దొరికాయి. తల్లి కుంటుకుంటూనే వాటిని వెంటబెట్టుకుని కొండెక్కింది. మరదలు ఇప్పటికీ ఆ కొట్టుకే వస్తుంది, బావా అనే పిలుస్తుంది. ఆమె ఉన్నంతసేపూ ఈయన తలెత్తడు.

ఓ పొద్దున దర్జీ ఉండబట్టలేక అడిగాడు. "ఇంతకీ ఆ పిల్లలు ఎక్కడ దొరికాయి బావా?"

బెంచీలన్నీ ముందుకి వంగాయి.

"ఏ పిల్లలు?" అన్నాడు కుంచె బావ.