రేలీన్ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టిన రోజు

పోర్ట్ హాలెట్ ఊరివాళ్లందరికీ, మా పెలికన్స్ జట్టు అమ్మాయిలకు, రేలీన్ చెల్లెలు కెర్రీకి, రేలీన్ తోలిన బస్సులో బడికెళ్లి పెద్దవాళ్లయిన మీకందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఇంతమందిని నేనెప్పుడూ చూడలేదు. మేము గెలిచి వచ్చిన రోజుల్లో కూడా ఇంతమంది రాలేదు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. బయట వరండాలోనూ నిలబడ్డారు. చక్కెర మిల్లులో షిఫ్టు దిగి, ఒంటి మీద బెల్లపు వాసన పోకముందే వచ్చినవాళ్లు కనిపిస్తున్నారు. రేలీన్ క్రోగన్ ఇక లేదన్న మాట మంగళవారం పొద్దున మనకు తెలిసింది. ఆ మాట నా నోటితో చెప్పడం ఇదే మొదటిసారి. 

బయటూళ్ల నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. నా పేరు లూపె ఫాంగుపో. పెలికన్స్ రగ్బీ లీగ్ జట్టుకు కెప్టెన్‌ని. నా నడుముకు చుట్టుకున్న ఈ చిరుగుల చాపను కొందరు వింతగా చూస్తున్నారు. మా టోంగా దీవుల వాళ్లలో, పోయినవాళ్లకు మనం ఎంత చిన్నవాళ్లమైతే అంత పాత చాప, అంత పెద్ద చాప చుట్టుకోవాలి. "ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఇవ్వమ్మా" అని అడిగాను. ఎందుకని మా అమ్మ అడగలేదు.

నిన్నటి పేపరు మీరూ చూసే ఉంటారు. లోపలి పేజీలో చిన్న ఫొటో వేసి, కింద మూడు వరుసలు రాశారు. పెలికన్స్ మొదటి కోచ్, నాలుగు సీజన్లు, ముప్పై ఆరు మ్యాచ్‌లు. పద్నాలుగు గెలుపులు, ఒకటి సమం, ఇరవై ఒక్క ఓటములు. కప్పు లేదు. తప్పేమీ రాయలేదు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ మిత్రులారా, ఒక మనిషి బతుకు ఆ మూడు వరుసల్లో పడుతుందా?

మొదటి సీజన్ మీలో ఎంతమందికి గుర్తుంది? ఏడు మ్యాచ్‌లు ఆడాం, ఏడూ ఓడాం. జీతాలిచ్చి ఆడించే లీగులోకి అప్పుడే అడుగుపెట్టాం. మాలో సగం మంది అంతకుముందు దాకా దుకాణాల్లో, నర్సింగ్ హోముల్లో పనిచేసినవాళ్లం. అవతలి జట్లలో దేశం తరఫున ఆడినవాళ్లుండేవాళ్లు. నాలుగో మ్యాచ్‌లో అరవై రెండు సున్నా. అరవై రెండు! స్కోరుబోర్డు మార్చే ఆయనే జాలిపడ్డాడట, ఇంకో అంకె తగిలించాలంటే చేయి రాలేదన్నాడు.

ఆ రోజే తిరుగు ప్రయాణమయ్యాం. బస్సు తోలింది రేలీనే. ఇరవై రెండేళ్లు బడి బస్సు తోలిన మనిషి, జట్టు బస్సుకు వేరే డ్రైవరెందుకని తనే స్టీరింగు పట్టుకునేది. గంట ప్రయాణం తర్వాత రోడ్డు పక్కన మాంసం కూరి కాల్చిన పైలు అమ్మే దుకాణం దగ్గర బస్సు ఆపి, లేచి మావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాం.

"ఏమే జాస్లిన్, ముందుకు రా" అంది.

జాస్లిన్ బెయర్డ్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్లు. సీట్లు పట్టుకుంటూ ముందుకు వెళ్లింది.

"ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా, అరవై రెండు పాయింట్లు పడిపోయాక, వాళ్లమ్మాయి బంతి పట్టుకుని ఒంటరిగా పరిగెత్తింది. ఇంకో నాలుగు పాయింట్లొస్తే ఎవరికేం పోయింది? ఎవరికీ ఏం పోలేదు. ఈ పిల్ల డెబ్బై మీటర్లు వెంటపడి, గీత దగ్గర కాళ్లు పట్టుకుని పడేసింది. ఎందుకే అలా పరిగెత్తావ్?"

"తెలీదు కోచ్. పరిగెత్తకపోతే బాగుండదనిపించింది" అంది జాస్లిన్.

"విన్నారుగా! ఇవాళ మొదటి పై దీనిది. మిగతావాళ్లు వరుసలో నిలబడండి" అంది రేలీన్. మేము నవ్వాం. అరవై రెండు సున్నాతో ఓడిన రోజున, కడుపు పట్టుకుని నవ్వాం. ఆ సంవత్సరం మేము జట్టుగా మిగిలామంటే ఆ పైల దుకాణం ముందు మిగిలాం.

రెండో సీజన్లో రెండు గెలిచాం. మూడో సీజన్లో తొమ్మిదింటిలో ఆరు గెలిచి, సెమీఫైనల్ కూడా గెలిచి, ఫైనల్‌కు వెళ్లాం. ఈ ఊరి నుంచి ముప్పై బస్సులు బయలుదేరాయి. ఆ ఫైనల్ గురించే నేను ఇవాళ మాట్లాడాలి. అయిదేళ్లుగా మాట్లాడని మాట ఇది. నిన్నటిదాకా రేలీన్‌కు, మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. దయచేసి చివరిదాకా వినండి.

సీజన్ మొదలయ్యే ముందు మా అందరికీ తలకు సంబంధించిన పరీక్ష ఒకటి పెడతారు. పది మాటలు చదివి, మళ్లీ చెప్పమంటారు. అంకెలు వెనక నుంచి చెప్పమంటారు. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబెడతారు. బాగున్నప్పుడు ఎన్ని చెప్పగలమో రాసిపెట్టుకుంటారు. ఆటలో తలకు దెబ్బ తగిలితే మళ్లీ అవే అడుగుతారు. మార్కులు తగ్గితే ఆడనివ్వరు. అర్థమైంది కదా? అయితే నేనేం చేశానో చెబుతాను. ఆ ఏడాది పరీక్షలో పదికి పది మాటలు గుర్తున్నా, నాలుగే చెప్పాను. ఒంటికాలి మీద కావాలని తూలాను. రేపు నిజంగా దెబ్బ తగిలినా అవే మార్కులొస్తాయి, నన్నెవరూ ఆపలేరని నా తెలివి. ఒళ్లు కొవ్వెక్కిన తెలివి.

ఫైనల్‌లో ఇరవై నిమిషాల ఆట మిగిలి ఉండగా పదహారు పన్నెండుతో మేమే ముందున్నాం. అప్పుడు అవతలమ్మాయిని పట్టి పడేయడానికి టాకిల్ చేయబోతే ఆమె మోకాలు నా కణతకు తగిలింది. నన్ను బయటకు తీసుకెళ్లి డాక్టరు పరీక్ష పెట్టాడు. నాలుగు మాటలు చెప్పాను. తూలాను. ఆయన కాగితం చూసుకున్నాడు, రెండూ ఒకటే. ఆడొచ్చన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన చేతిలో ఉన్న కాగితాన్ని అబద్ధం చేసింది నేను.

మైదానంలోకి వెళ్లబోతూ రేలీన్ ముందు ఆగానట. ఆమెతో మా టోంగా భాషలో ఏదో మాట్లాడానట. మా భాషలో ఆమెకు తెలిసింది ఒక్కటే మాట, అమ్మ. ఆ మాటతో ఆమెను పిలిచాను. తర్వాత ఏమడిగానో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఆమె నా ముఖం చూసి, జెర్సీ పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

డాక్టరు వచ్చి, "అమ్మాయి పాసైంది, పంపొచ్చు" అన్నాడు.

"పాసైతే అయింది. పంపను" అంది.

ముప్పై బస్సుల జనం నా పేరు పెట్టి అరుస్తున్నారు. నేను లేవబోయాను. నా జెర్సీ ఆమె పిడికిట్లోనే ఉంది. నా బదులు జాస్లిన్‌ను పంపింది. ఆట ముగిసేందుకు నిమిషం ఉందనగా జాస్లిన్ టాకిల్ తప్పింది. గీత దాటి ట్రై, నాలుగు పాయింట్లు; ఆ పైన గోలు, ఇంకో రెండు. పద్దెనిమిది, పదహారు.

లోపల గదిలో నేను ఆమెను ఏమన్నానో మా అమ్మాయిలకు తెలుసు. "నువ్వెవరే నన్నాపడానికి? బస్సు తోలుకునేదానివి బస్సు తోలుకో! ముప్పై బస్సుల జనం కడుపు కొట్టావ్" అన్నాను. తల్లి వయసున్న మనిషిని అందరి ముందు అన్నాను. ఆమె నా వైపు చూసి, "సరే, అలాగే అనుకో. నీళ్లు తాగు ముందు" అంది.

పత్రికలవాళ్లు చుట్టుముట్టారు. డాక్టరు వద్దనలేదు కదా, కెప్టెన్‌ను ఎందుకు ఆపావని అడిగారు. నేను ఆమెను అమ్మా అని పిలిచిన సంగతి చెబితే చాలు, ఆమెను ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు. చెప్పలేదు. ఆ స్థితిలో నేనెలా పాసయ్యానో ఆమె అప్పటికే పసిగట్టింది, చెబితే నా పరీక్ష సంగతి తవ్వుతారని ఆమెకు తెలుసు. "నాకు ఆపాలనిపించింది, ఆపాను. ఈ ఓటమి నాది. జాస్లిన్‌ది కాదు, లూపెది కాదు. నాదని రాసుకోండి" అంది. వాళ్లు అలాగే రాశారు. ఊరూ అలాగే నమ్మింది. ఆమె బస్సు మీద ఎవరో రంగుతో పాడు రాతలు రాశారు. ఆమె సోమవారం పొద్దున ఆ రాతలున్న బస్సులోనే మీ పిల్లల్ని బడికి తీసుకెళ్లింది.

ఆ ఓటమి ఆమెది కాదు. నాది. ఇవాళ ఇక్కడికి వచ్చింది ఆ మాట చెప్పడానికే.

ఫైనల్ మర్నాడే ఆమె మా ఇంటికి వచ్చింది. నేను గదిలో తలుపేసుకుని పడుకున్నాను. గుమ్మంలో బూట్లు విప్పి, చాప మీద కూర్చుని, మా అమ్మతో జరిగింది చెప్పి, "ముందు దీన్ని ఆస్పత్రికి తీసుకెళ్లు" అంది. మా అమ్మ చేమాకుల్లో చుట్టి వండిన మాంసం పెట్టింది. ఇద్దరూ తిన్నారు. ఆమె వెళ్లాక అమ్మ తలుపు తోసుకుని వచ్చి, "లే! ఆ తెల్లావిడను అమ్మా అని పిలిచావట. పిలిచినదానివి ఆ పిలుపుకు మర్యాదన్నా ఇవ్వవే, మూర్ఖురాలా" అంది.

ఆస్పత్రిలో నా తల ఫొటోలు తీశారు. లోపల కాస్త రక్తం కారి ఆగింది. పెద్ద డాక్టరమ్మ, "ఆ మిగతా ఇరవై నిమిషాల్లో ఇంకో దెబ్బ తగిలి ఉంటే, నేను ఇప్పుడు నీతో కాదు, మీ అమ్మతో మాట్లాడేదాన్ని" అంది.

అది విన్నాకైనా వెళ్లి కాళ్లమీద పడాలి కదా? పడలేదు. సిగ్గు. సిగ్గు కోపంలాగే ఉంటుంది, బయటివాళ్లకు తేడా తెలియదు. ఇంకో ఏడాది ఆమె కిందే ఆడాను. "సరే కోచ్", "వస్తాను కోచ్", అంతే. ఆ ఏడాది చివర ఆమె మానేసింది. ఎందుకు మానేసిందో అప్పుడు మాకు తెలియలేదు.

తర్వాత మార్చి నెలలో ఒక ఉదయం, ఇరవై మూడు మంది పిల్లలున్న బడి బస్సును ఆమె బడికి కాకుండా రేసుకోర్సు పక్కనున్న పాత మైదానానికి తీసుకెళ్లింది. ఆమె ఆడిన కాలంలో ఆడవాళ్ల ఆటలు అక్కడే జరిగేవి. గేటు ముందు బస్సు ఆపి, "దిగండమ్మాయిలూ, బూట్లేసుకోండి" అందట. పిల్లలు పిక్నిక్కనుకుని గోలగోలగా దిగారు. కాసేపటికి ఆమె మెట్టు మీద కూర్చుని ఏడవడం మొదలుపెడితే, పదేళ్ల పిల్ల ఒకతె ఆమె ఫోను తీసుకుని కెర్రీకి చేసింది. రేలీన్‌కు అప్పుడు యాభై మూడేళ్లు.

ఆమె పదహారేళ్లు ఆడింది. ఒక్క డాలరు జీతం లేని పదహారేళ్లు. తలకు దెబ్బ తగిలితే తడి స్పాంజి పిండి, "ఎన్ని వేళ్లు?" అని అడిగి, మళ్లీ లోపలికి తోసేవాళ్లు. ఎన్నిసార్లో ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. మా ముప్పై ఆరు మ్యాచ్‌లకు లెక్కలున్నాయి. వాళ్ల పదహారేళ్లకు లెక్కే లేదు.

ఈ సంగతి కెర్రీ నాకు పోయిన ఏడాది చెప్పింది. ఆమె అనుమతితోనే మీకు చెబుతున్నాను. ఫైనల్ ఆడిన ఏడాదికే రేలీన్‌కు మరుపు మొదలైంది. మా పేర్లు తప్పిపోతాయేమోనని ముంజేతి మీద పెన్నుతో రాసుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకునేది. మధ్యాహ్నపు ఎండలో ఆ చొక్కా ఏమిటని మేము ఎగతాళి చేసేవాళ్లం. మిత్రులారా, బెంచీ దగ్గర నా కళ్లలోకి చూసినప్పుడు ఆమెకు ఏం కనిపించిందో ఇప్పుడు నాకు తెలుసు. ఆ ముఖాన్ని ఆమె రోజూ అద్దంలో చూస్తోంది.

అప్పుడు వెళ్లాను. ఆలస్యంగా వెళ్లాను. వృద్ధుల ఆశ్రమంలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆ వరుసలో అందరికంటే చిన్నది ఆమే. నేనెవరో గుర్తుపట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని మొత్తం చెప్పాను. పరీక్షలో చేసిన మోసం చెప్పాను, గదిలో అన్న మాటలు చెప్పాను, క్షమించమన్నాను. శ్రద్ధగా విని, "ఏ మ్యాచమ్మా అది? గెలిచామా?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "లేదు కోచ్, రెండు పాయింట్లతో ఓడాం" అన్నాను.

"పోన్లే. అమ్మాయిలందరూ బస్సెక్కారా?"

"ఎక్కారు" అన్నాను. "అందరం ఎక్కాం."

"అయితే ఇంక ఏడుపెందుకు?" అని తన చేతి వెనకవైపుతో నా ముక్కు తుడిచింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వెళ్లేదాన్ని. పదకొండు ఆదివారాలు దొరికాయి నాకు. నేను పాడుచేసుకున్న ఏళ్ల ముందు పదకొండు ఆదివారాలు ఏ మూలకు?

చేయి ఇంకా సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే ఆమె తన మెదడును పరిశోధనకు రాసిచ్చింది. మంగళవారమే వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. వేల మంది ఆడపిల్లలు ఆడుతున్నారు, ఆడపిల్లల తలల గురించి డాక్టర్లకు తెలిసింది చాలా తక్కువ అని ఎవరో చెబితే, "అయితే నాది తీసుకోండి. బాగా వాడిన సరుకే" అందట. అదీ రేలీన్.

ముందు వరుసలో కూర్చున్న మా అమ్మాయిలూ, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాను. వచ్చే శుక్రవారం మనకు ఆ పరీక్ష ఉంది. మీలో కొందరు ఏం చేయబోతున్నారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ విద్య మీకు నేర్పింది మా తరమే. ఈసారి పది మాటలు గుర్తుంటే పదీ చెప్పండి. నిలబడగలిగితే నిటారుగా నిలబడండి. నన్ను పట్టుకుని కూర్చోబెట్టడానికి ఆ రోజు ఒకామె ఉండింది. మిమ్మల్ని కూర్చోబెట్టడానికి ఇప్పుడు ఆమె లేదు, మీరు చెప్పే నిజమే ఉంది. నేను చేసింది క్లబ్బుకు నిన్ననే రాసిచ్చాను. కెప్టెన్సీ ఉంచుతారో తీస్తారో వాళ్లిష్టం.

జాస్లిన్, నువ్వు ఆ వెనక తలుపు దగ్గరెందుకు నిలబడ్డావు? ఇలా రా. నా పక్కన నిలబడు. ఆ రోజు నువ్వు ఏమీ ఓడలేదు. ఆ మాట నీకు నేను అయిదేళ్ల కిందటే చెప్పాల్సింది.

ఇక నా దగ్గర మాటలు లేవు. నిలబడగలిగినవాళ్లు నిలబడండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఒళ్లో పిల్లలున్నవాళ్లు కూర్చునే ఉండండి. టోపీలు తీయండి. వరండాలో ఉన్నవాళ్లకు కూడా ఈ మాట అందించండి. పక్కవాళ్ల చెయ్యి పట్టుకోవాలనిపిస్తే పట్టుకోండి. ఎవరికైనా ఏడుపొస్తే ఆపుకోవద్దు. చాలని నేను చెప్పేదాకా, రేలీన్ క్రోగన్ కోసం, అందరం మౌనంగా ఉందాం.