సుడిగాలికి ఇసిరిన బూటు

“పెద్దబాపూ, రేపు ఆఫీసోళ్లకు జవాబు చెప్పాలె. రాస్ అల్ ఖైమా క్వారీకి పోవాన్నా, దుబాయ్ మంచు హాలుకు పోవాన్నా? ఆడ సుడిగాలంట, ఈడ మంచు తుఫానంట. ఏది నయం?”

నన్నే అడుగుతున్నవా, మంచిగున్నది. ఈ రోలా బస్తీల రెండిట్ల పనిజేసినోన్ని నేనొక్కన్నే గావచ్చు. కూసో, చాయ్ తాగు.

క్వారీల గాలి చెప్పి రాదు బిడ్డా. కరోనా పోయినంక పోయిన ఆడికి... కాదు కాదు, ఇంకా మాస్కులు ఉండె. దుమ్ము గిర్రున లేస్తది, ఆరేసిన లుంగీలు లేస్తయి. నా పచ్చ లుంగీ జాడ ఇప్పటికీ లేదు. జగిత్యాల అంగడిల కొన్నదది. సరే, లుంగీ ముచ్చట ఇడిసిపెట్టు.

సుడిగాలిల దయ్యం ఉంటది, తూ అని ఉమ్మి ఎడమకాలి చెప్పు ఇసిరితే పోతదని మా అవ్వ చెప్పేది. ఊళ్లె అందరం ఇసిరెటోళ్లమే గదా. ఒకనాడు పెద్ద సుడి నా మీదికే వస్తుంటే ఇసిరిన. క్వారీల చెప్పులేడియి, ఇనుప ముక్కు బూటాయె. సుడి పక్కకు జరిగింది, ఎనుక మా ముదీర్, అదే మేనేజర్, ఉన్నడు. ఆయన హెల్మెట్ టంగుమన్నది. “ఖలాస్! వీన్ని ఇంటికి పంపుండ్రి” అన్నడు. ఇంటికి పోతే చిన్నోని చదువు ఆగుతది గదా. నాకు వీసా ఇచ్చిన కఫీల్ ముసలాయన మాత్రం, “ఎండకు దిమాక్ ఖరాబైంది, సల్లగున్నకాడ పెట్టుండ్రి” అన్నడు.

గట్ల మంచు హాలుల పడ్డ. ఆడ తుఫాను బటన్ నొక్కితే వస్తది, టికెట్టు కొని మరీ తడుస్తరు జనం. లోపల గడ్డకట్టుడు, బయట బస్సు కాడ కరుగుడు. క్వారీల అన్నంల ఇసుక, ఈడ అన్నమే రాయి. రెండుకాడ పండ్లకే దెబ్బ.

ఒకనాడు మంచు ఊదే ఫ్యాన్లు ఎదురెదురు తిరిగినయి. మంచు గిర్రున సుడి తిరుక్కుంట నా మీదికే వచ్చింది. నేనేం జేస్త? చెయ్యి దానంతటదే ఎడమ బూటు ఇప్పింది. తూ అన్న, ఇసిరిన. బూటు వొయ్యి ఫ్యాన్ల ఇరికింది, తుఫాను బంద్.

కొత్త ముదీర్ ఉరికొచ్చిండు. ఈసారి వీసా క్యాన్సిలే అనుకున్న. ఒక కాలికైతే బూటు గూడ లేదాయె. గని జనం ఒకటే చప్పట్లు. ఆట అనుకున్నరు! ముదీర్ జనం దిక్కు సూసిండు, నా దిక్కు సూసిండు, “రేపు గూడ” అన్నడు.

ఇగ రోజూ అదే డ్యూటీ. ఇసిరెటందుకు మెత్తటి ఎర్ర బూటు ఇచ్చిండ్రు. వీడియో కాల్ల అవ్వకు సూపిచ్చిన. “దయ్యం పోయిందారా?” అన్నది. పోయిందే అవ్వా అన్న. “మల్ల రోజెందుకొస్తది?” అన్నది. మా ముదీర్ పిలుస్తడే అన్న. పాపం, నా కోసం దేవునికి మొక్కింది.

ఏది నయమంటే ఏం చెప్పాలె బిడ్డా... యాడికన్న పో, పైలంగుండు. దేవుడు సల్లగ సూడాలె నిన్ను. బూట్లు మాత్రం జర వదులుయి తీస్కో. గట్టిగుంటే ఇసిరే యాల్లకు ఊడవు.