ముందే ఉతికిన ముక్క

నా పేరు, ఇంటి నంబరు పైన రాసే ఉన్నాయి. వయసు యాభై. హైస్కూలు వరకు చదివాను. రంగుల మిల్లు పరీక్ష గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. నిన్న స్టేషన్‌లో మీరు అడిగినప్పుడు అన్నయ్య నా పక్కనే కూర్చున్నాడు. అందుకే ఈ రోజు నా చేత్తోనే రాసి ఇస్తున్నాను.

రంగు వేసిన ముక్కను తెల్లగుడ్డకు కుట్టి, అరవై డిగ్రీల సబ్బునీళ్లలో అరగంట తిప్పుతాను. తెల్లగుడ్డకు రంగు ఎంత అంటిందో చూసి మార్కు వేస్తాను. ఐదంటే అసలు అంటలేదని. నాలుగుకు తగ్గితే సరుకు గేటు దాటదు.

పోయిన నెల రెండో మంగళవారం ఉదయం పదింటికి రంగుల మేస్త్రీ ఎర్ర ముక్క తెచ్చాడు. ఆ మేస్త్రీ మా అన్నయ్యే. నా భర్త పోయాక ఆయన ఇంట్లోనే ఉంటున్నాను. కొత్త గుడ్డ చేతికి బిరుసుగా తగులుతుంది. ఇది మెత్తగా ఉంది. సబ్బు వాసన వచ్చింది. ముందే ఉతికేస్తే వదులు రంగు పోయి, పరీక్షలో మార్కు బాగా వస్తుంది.

"ముందే ఉతికావా అన్నయ్యా?" అన్నాను.

"సరుకు రేపే పోవాలే. నీ పని నువ్వు చూసుకో."

"తానులోంచి ఇంకో ముక్క నేనే కత్తిరించుకుంటాను."

"అఆలు దిద్దించినవాడికే పాఠాలు చెబుతున్నావే!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ముక్కకే పరీక్ష పెట్టాను. నాలుగు వచ్చింది. సంతకం చేశాను.

ఆయన భోజనానికి వెళ్లాక తానులోంచి ముక్క కత్తిరించి పన్నెండూ నలభైకి పరీక్ష పెట్టాను. ఒంటిగంటా పదికి తీశాను. రెండు వచ్చింది. తెల్లగుడ్డ ఎర్రబడింది. దాన్ని ఆరబెట్టి నా ప్రార్థన పుస్తకంలో దాచాను. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఇంట్లో ఆయనే అన్నాడు, "గుడ్డ రంగు నిలిపే మందులో రెండు గంటలు నానాల్సింది, అరగంటకే తీయించాను. ఏం కాదులే."

ఆ గుడ్డ ఆసుపత్రి దుప్పట్లకు అంచుగా వెళ్లింది. మొదటి ఉతుకుకే దుప్పట్లన్నీ పాడయ్యాయి. మిల్లులో రంగూ మందూ తూచే అతను పగబట్టి మందు తగ్గించాడని యజమాని ఫిర్యాదు ఇచ్చారు, మీరు అతన్ని పట్టుకొచ్చారు. అతను మందు తగ్గించలేదు. ఆ రోజు తూకం నా కళ్లముందే జరిగింది. నిన్న మీ వరండాలో అతని భార్య నా చెయ్యి పట్టుకుంది. "మార్కు వేసింది నువ్వే కదక్కా, ఒక్క మాట చెప్పు" అంది. చెయ్యి విడిపించుకుని వచ్చేశాను. విడిపించుకుని వచ్చేశాను.

ఇప్పుడు అన్నయ్య బయట బల్ల మీద నా సంచి పట్టుకుని కూర్చున్నాడు. ఇంటి తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. ఇక్కణ్ణుంచి నేను ఆ ఇంటికే వెళ్లాలి.

ఇందులో నేను కలిపింది లేదు, దాచింది లేదు. దేవుడికి భయపడి రాశాను. రెండో ముక్కతో ఎర్రబడిన ఆ తెల్లగుడ్డ జతచేశాను. అతన్ని వదలడానికి ఇవి చాలితే, ఈ కాగితాలు ఫైల్లోనే ఉంచండి, అన్నయ్యకు చూపించకండి. నా సంతకం కప్పేసి చూపించినా లాభం లేదు. ఈ అక్షరాలు ఆయన దిద్దించినవే.

(సంతకం)