గురువుగారు లొంగదీసిన స్టీరింగు

ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి దిగినాయన, వీధిలో సగం మందికి డ్రైవింగు నేర్పినాయన కాబట్టి అందరికీ ఆయన గురువుగారే. ఆ సాయంత్రం తన కారుని టీ కొట్టు ముందు నిలబెట్టి, ఇంజను ఆపకుండా, తలుపు బార్లా తెరిచి డ్రైవరు సీట్లోనే కూర్చున్నారు. ఒక చేతిలో టీ గ్లాసు, రెండో చెయ్యి స్టీరింగు మీద. ఎదురుగా బెంచీ మీద టైలరు, మెకానిక్కు. పొయ్యి దగ్గర టీ కొట్టావిడ.

ఆయన ఎదురుచూస్తున్నది కూతురి కోసం. పొద్దున ఇంట్లో మాటా మాటా పెరిగింది. "కుడి భుజం పైకి లేవట్లేదు, ఇంక కారు తాళం నాకిచ్చెయ్ నాన్నా" అంది కూతురు. ఆసుపత్రిలో నర్సు. చిన్నప్పటి నుంచీ ఆయన కోతల్ని ఒక్కటీ వదలకుండా పట్టుకునేది ఆ పిల్లే. "నలుగురి ముందు కుడి చేత్తో స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి చూపిస్తా. తిప్పలేకపోతే తాళం నీది" అన్నారు గురువుగారు. ఆమె డ్యూటీ దిగి వచ్చేది ఈ దారినే.

"పొగంతా నా పాలల్లోకి కొడుతోంది, ఇంజను ఆపండి బాబాయ్" అంది టీ కొట్టావిడ.

"ఉండవమ్మా, అసలు సంగతి వినకుండా పొగంటావేంటి. ఈ కారుకి పవర్ స్టీరింగు ఉండేది. వయసొచ్చింది కదా అని ఇంట్లో అన్నీ మెత్తనివే ఇస్తారు నాకు, మెత్తని పరుపు, మెత్తని చెప్పులు, ఆఖరికి స్టీరింగు కూడా మెత్తనిదేనా అని ఒళ్ళు మండిపోయింది. దారినపోయేవాడు కూడా ఒక వేలితో తిప్పేస్తే ఇంక డ్రైవరెందుకు చెప్పు? పవర్ పీకేసి మాన్యువల్ చేద్దామని వీడి దగ్గరికెళ్ళా. వీడికి ఏడుపొక్కటే తక్కువ. వద్దు గురువుగారూ అని కాళ్ళు పట్టుకున్నాడు."

"కాళ్ళు పట్టుకోలేదండి" అన్నాడు మెకానిక్కు. "ఇంజనుతో తిరిగే పంపు బెల్టు తీసేసి నూనె ఒంపేసినంత మాత్రాన అది మాన్యువల్ అయిపోదు, మామూలు మాన్యువల్ కంటే బరువెక్కిపోతుంది, మార్చాలంటే కింద స్టీరింగు పెట్టె మొత్తం మార్చాలి అన్నాను."

"అదే, ఏడుపంటే. నేనే దిగా. ఒక్క స్పానరు, అరగంట. బెల్టు పీకా, నూనె ఒంపా, గొట్టాల మూతులు బిగించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సీట్లో కూర్చుని తిప్పితే కదల్దే. నేను ఇటు లాగుతా, అది అటు లాగుతుంది, ఇద్దరం మొండివాళ్ళమే. ఆఖరికి పళ్ళు బిగించి ఒక్క తిప్పు తిప్పేసరికి చక్రం తిరిగింది సరే, చక్రం కింద గచ్చు కూడా చాపలా చుట్టుకుపోయింది."

"ఆ గచ్చు నీళ్ళ పైపు వాళ్ళు తవ్వారు కదా" అన్నాడు టైలరు.

"వాళ్ళు తవ్వింది గుంట. నేను చుట్టింది గచ్చు. ఆ తేడా తెలియకుండా బట్టలెలా కుడుతున్నావ్ బావా? ఇంక వారం తిరక్కుండా నా చేతులు తొడల్లా అయ్యాయి, చొక్కా చేతులు పటపటా చిరిగిపోతే ఈయనే వదులు చేశాడు, కావాలంటే అడగండి."

"నేను వదులు చేసింది పొట్ట దగ్గర."

"కండ చేతుల్లో మొదలై అక్కడికి దిగింది. సరే, ఇవన్నీ చిల్లర సంగతులు, అసలు కథ నాలుగు రోడ్ల కూడలిలో జరిగింది. మధ్యలో గుండ్రటి దిమ్మ, దిమ్మ మీద ట్రాఫిక్ పోలీసు. నేను కుడికి తిరగాలి, కారు తిరగనంటోంది. నాకు రోషం వచ్చింది. నువ్వు తిరక్కపోతే ఊరినే తిప్పుతానని పట్టాను చూడూ, దిమ్మ కదిలింది, పోలీసు ఈల నోట్లో పెట్టుకునే గిర్రున తిరిగి వెనక్కి చూస్తున్నాడు, తూర్పు ముఖంగా ఉన్న మంగలి షాపు పడమటికి తిరిగిపోయింది! లోపల పొద్దున్నే గడ్డానికి కూర్చున్నాయన బయటికొచ్చి చూస్తే, సూర్యుడు షాపు వెనకున్నాడు. సాయంత్రమైపోయింది, మధ్యాహ్నం భోజనం తప్పిపోయిందని లబోదిబోమంటూ ఇంటికి పరిగెత్తాడు."

"షాపు ఇప్పుడు తూర్పుకే ఉందిగా బాబాయ్?"

"వచ్చేటప్పుడు మళ్ళీ తిప్పి పెట్టానమ్మా. ఎవరిది వాళ్ళకి సర్దేసి రావద్దూ? ఆ దెబ్బతో స్టీరింగుకి భయం పట్టుకుంది. మూడో వారంలో ఒక పొద్దున కూర్చుని చెయ్యి వేశానో లేదో, తిరిగిపోయింది. లొంగిపోయింది. ఇప్పుడు చిటికెన వేలు చాలు. వేలు కూడా దండగ, ఊదితే చాలు."

బెల్టు పీకడం పక్కన పెడితే, కథ మొత్తంలో ఆయన నిజం చెప్పింది స్టీరింగు తేలిగ్గా తిరిగిన ఆ పొద్దుటి సంగతి ఒక్కటే. ఆ రోజు ఇంటికెళ్ళి, ఎవరూ చూడకుండా అద్దం ముందు కుడి చెయ్యెత్తి చూసుకున్నారు కూడా. చెవి దాకా లేవలేదు. అయినా అద్దాన్ని కాకుండా స్టీరింగునే నమ్మారు. మెకానిక్కు మాత్రం లొంగిపోయిందన్న మాట విన్నప్పట్నుంచీ టీ గ్లాసులోకే చూస్తున్నాడు.

అంతలో భుజాన సంచీతో కూతురు వచ్చి నిలబడింది. "కథ అయిందా నాన్నా?"

"కథ అయింది, ఇక చూడు." కుడి చేతి చిటికెన వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పేశారు. టైలరు నోరు తెరిచాడు. "తాళం సంగతి ఇంక మర్చిపో అమ్మా" అన్నారు గురువుగారు.

కూతురు ఏదో అనబోయింది. ఈలోగా టీ కొట్టావిడ మసిగుడ్డతో పొగ విసురుకుంటూ, "గెలిచారుగా, ఇప్పుడైనా ఆ ఇంజను ఆపండి బాబాయ్, ఆపినా తిరుగుతుందిగా" అంది.

"తిరగదా మరి? మాన్యువల్ స్టీరింగుకి ఇంజనుతో పనేముంది?" అంటూ తాళం తిప్పి ఆపేశారు. మళ్ళీ చిటికెన వేలు పెట్టారు. కదల్లేదు. చెయ్యి వేశారు. టీ గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ వేశారు. స్టీరింగు బెత్తెడు కదిలింది, భుజంలో కలుక్కుమంది, ఆయన నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"మూడో వారంలో ఒక రాత్రి మీరు పడుకున్నాక బెల్టు వేసేశాను గురువుగారూ" అన్నాడు మెకానిక్కు, తలెత్తకుండా. "గొట్టాలు తగిలించి నూనె పోశాను. అమ్మాయిగారు చెప్పారు."

"నువ్వు మంచినీళ్ళ గ్లాసు ఎడం చేత్తో ఎత్తి, కుడి చేతికి సెలవిచ్చానని అమ్మతో అన్నావే, ఆ రోజే చెప్పాను" అంది కూతురు. "ఆ చేత్తో బండి నడిపి ఎవరిని గుద్దేస్తావోనని భయమేసింది."

"వేశాక చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నా. మర్నాడు ఎంత సంతోషంగా ఇంటికొచ్చావో నీకు తెలీదు. నోరు రాలేదు నాన్నా."

గురువుగారు స్టీరింగు మీంచి చేతులు తీశారు. తర్వాత కిందికి దిగారు. "నేను ఓడిపోలేదు, మోసపోయాను. రెండూ వేరు. అందరూ గుర్తుపెట్టుకోండి" అని బెంచీ వైపు గట్టిగానే చెప్పి, తాళం బండికే వదిలేసి, చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నారు.

కూతురు ఎక్కి బండి తీసింది. మలుపులో ఒక్క చేత్తో తేలిగ్గా తిప్పింది.

"చూశావా ఎలా తిరుగుతోందో" అన్నారు గురువుగారు. "నేను లొంగదీసి పెట్టబట్టి గానీ, నీ వల్ల అయ్యేదా?"

"అయ్యేది కాదు నాన్నా" అంది కూతురు.

ఆయన చటుక్కున ఆమె వైపు తిరిగారు. పుట్టినప్పటి నుంచీ ఆయన కోతల్లో ఒక్కటి కూడా ఒప్పుకోని పిల్ల అది. గురువుగారికి భుజం కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.