కుంచె రెండో కొస

"అవ్వా, నడుం పట్టేసింది. నిద్ర గూడ పడ్తలేదు. తాతకు గూడ గిట్లనే అయిందంట గదా, ఎట్ల తక్కువైంది?"

ఎవలు చెప్పిండ్రే నీకు? మీ నాయిననా? వానికేం ఎరుక, అప్పుడు నా చంకల ఉన్నడు. కాదు కాదు, చంక దిగిండు, గోడ పట్టుకొని నడుస్తుండె. ఇటు రా, నా మంచం మీద కూసో. గోడకు ఒరగకు, సక్కగ కూసో.

మనది రామన్నపేట దిక్కు సాలోళ్ల వాడ గదా. ఇంట్లనే గుంట మగ్గం. భూమిల గుంట తవ్వి, అండ్ల కాళ్లిడిసి కూసుంటరు. కింద కాళ్లు తొక్కుతుంటయి, మీద చేతులు నేస్తుంటయి. మీ తాతది, ఆయన అన్నది, అంటె మా బావది, పక్కపక్క మగ్గాలు. బావ ఏదో ఒక ముచ్చట తీసేది, మీ తాత నవ్వుతె వాడకట్టంత ఇనొచ్చేది. అబ్బ, ఏం నవ్వే అది!

ఇగ బావ ఒకనాడు పెండ్లాం పిల్లల్ని తీస్కొని షోలాపూర్ పోయిండు, మిల్లుల పనికి. కొట్లాట లేదు, పంచాది లేదు. తమ్మున్ని ఒక్క మాట అడగలె, గదే బాధ. మీ తాత "పోనీ తియ్" అన్నడు. గంతే. మళ్ల అన్న పేరెత్తలె.

అప్పటిసంది గుంటల దిగితె మాపటిదాంక ఎక్కడు. బువ్వ గుంట కాడికే. వానకాలమైతె గుంటంత చెమ్మ. నడుం పట్టింది, కడుపుల మంట, మాట బంద్. నల్లగొండ దవాఖానకు తీస్కపోయిన. బస్సు కిరాయి అప్పుడు అణాలల్లనే, గని బస్సు దొరకాలె గదా, టాపు మీద గూడ మనుషులే. ఆఁ, ఏం చెప్తున్న? డాక్టరు పొట్ట ఒత్తి చూసి "ఏం లేదమ్మా" అన్నడు, ఎర్రనీళ్ల మందిచ్చిండు. మా అత్త తాయెత్తు కట్టిచ్చింది. మందు అయిపాయె, తాయెత్తు పాతదాయె, మనిషి మాత్రం ఎండిపోవట్టె. ఈ మనిషి నాకు దక్కడేమోనని మస్తు భయపడ్డ బిడ్డా.

ఒకనాడు ఆయన నేసిన చీర మడత పెడ్తున్న. తలుపు కాడ ఎలుగుకు పట్టి చూసిన. ఒక జాగల అట్ట లెక్క గట్టిగ, ఇంకో జాగల నా చెయ్యి కనవడేటంత పల్చగ. మీ తాత బట్ట ఎన్నడు గట్ల లేదు! నేసేటప్పుడు దారాన్ని దగ్గరికి గుద్దే దెబ్బ ఒక్కతీరు పడాల్నంటె కాళ్లు, చేతులు, మనసు ఒక్కతాన ఉండాలె. కోపమొచ్చినప్పుడు గుద్దుతుండు, అన్న యాదికొచ్చినప్పుడు చెయ్యి జారుతుంది. ఆయన నోరిప్పలె గని బట్ట చెప్పింది. ఎర్రనీళ్లతోని అయ్యేది కాదని నాకు సమజైంది. ఈ మనిషిని గుంటలకెల్లి మీదికి తేవాలె, ఎట్లనన్న తేవాలె అనుకున్న.

నీకు పడుగు ఎరుకనా? మగ్గానికెక్కిచ్చే నిలువు దారాలు. పొద్దుగాలనే వాడల గుంజలకు బారుగ కట్టి, గంజి పెట్టి, పెద్ద కుంచెతోని దువ్వాలె. ఆ కుంచెకు రెండు దిక్కుల ఇద్దరు మొగోళ్లు పట్టి, ఆ చివరి నుంచి ఈ చివరి దాంక నడుస్తనే ఉండాలె. ఆగితె ఎండకు గంజి ఆరి దారాలన్ని అతుక్కుంటయి. ఒక కొస బావ, ఒక కొస మీ తాత పట్టేటోళ్లు. బావ పోయినంక మీ తాత కూలోళ్లతోని చేపిస్తుండె, తను బయటికే రాకపోతుండె.

ఈసారి కూలోళ్లను నేను పిలువలె. పడుగు కట్టిచ్చిన, గంజి పెట్టిన, కొంగు దోపి ఒక్కదాన్నే కుంచె పట్టిన. ఆడోళ్లు కుంచె ముట్టే రివాజు లేదు మాకు. అత్త నోరు కొట్టుకున్నది, "వాడంత నవ్వుతదే" అని. "నవ్వనీ అత్తా, నవ్వినోళ్లు నా మొగన్ని లేపుతరా?" అన్న. కుంచె బరువు. ఒక దిక్కు లేస్తె ఇంకో దిక్కు పడిపోతుంది. ఎండెక్కుతాంది, వాడ నవ్వుతనే ఉన్నది.

ఆ నవ్వులిని వచ్చిండు మీ తాత, నడుం పట్టుకొని. "ఏందే గీ పని! పడుగంత పాడైతాంది!" అని ఒర్రిండు. ఎన్నాళ్లకో గంత పెద్ద మాట! నా పానం లేచొచ్చింది, గని మొఖంల చూపియ్యలె. "పాడైతె కానీ. గుంటల నువ్వు పాడైతలేవా?" అన్న.

పంచె ఎగ్గట్టిండు. అటు పోయి రెండో కొస పట్టిండు.

నడిచినం. ఎండ ఈపుల పడ్తాంది. మర్లి వచ్చేటప్పుడు అన్నడు, "ఈ కొస అన్న పట్టేది" అని. కండ్లల్ల నీళ్లు. ఆగుదామంటె పడుగు ఆగనియ్యదు. ఏడుసుకుంటనే నడిచిండు, నడుసుకుంటనే అన్న ముచ్చటంత చెప్పిండు. వాడ నవ్వుడు ఆపింది. ఎదురింటి ముసలాయన వచ్చి గుంజ గట్టిగ పట్టిండు.

ఒక్కనాడే తక్కువ కాలె. దినాం పగటి పూట గుంటలకెల్లి లేపి, వాడ చివరిదాంక నడిపిచ్చి, పిల్లగాని పక్కన కూసోవెట్టి బువ్వ పెట్టేదాన్ని. తిట్టేటోడు నన్ను. తిట్టనీ, నేనిడువలె. దసరా దాటినంక తానే షోలాపూర్ పోయి అన్నను చూసొచ్చిండు. చలికాలమొస్తె నడుం గుంజుడు పోలె, గని గా నడుంతోనే నిన్ను ఎత్తుకొని తిరిగిండు గదనే!

నువ్వు సుత గా కంపూటర్ ముంగట కుర్సీల దిగితె లేవవు. నీ మనసు ఎవల మీదున్నదో నేనడుగ. నడుస్తుంటె నువ్వే చెప్తవు. లే, ఇప్పుడే లే. దండెం మీద నా చీర తే, మడత పెడ్దం. ఆ కొస నువ్వు పట్టు, ఈ కొస నేను పడ్త. ఆఁ, గట్ల. సల్లగుండు బిడ్డా, నిండ నూరేండ్లు… ఇడువకు, గట్టిగ పట్టు, జర ఎనకకు నడువు…