మర్యాదకు మార్కుల్లేవు

యాడికి మే జీవితా, ఈ కడప ఎండలో సంచి సర్దుకోని? బేతంచెర్లకా? ఈ ప్రేమజ్యోతి మేడమ్‌కు ఒక మాటైనా చెప్పకుండా పోతాండావే, అంత పరాయిదాన్ని అయిపోతినా? కూచో. బస్సుకు ఇంకా టైముండాది.

ఏడ్చినావా? ల్యా అంటావు. సరేలే, హాస్టల్లో ఎర్రగడ్డలు కోసింటావు.

లైసెన్సు పరీక్షకని పెట్టిన ప్రాక్టీసు పరీక్షలో తప్పినావు, అంతే కదా. దానికే నర్సింగు మానేసి మీ నాయన పక్కన బండలు పాలిష్ పడతావా? ఆయప్ప ఒప్పుకుంటాడా? తల ఊపుతాండావు సరే, అడిగినావా? అడగల్యా. అదీ సంగతి.

కంప్యూటర్లో నువ్వు నొక్కిన జవాబులు చూసినా. ముసలాయనకు ఆయాసం, పెదాలు నీలం. మొదట ఏం చేస్తావు? డాక్టరుకు చెప్తా. షుగరు పడిపోయి చెమటలు పడతాండాయి? డాక్టరుకు చెప్తా. బాలింతకు రక్తం ఆగల్యా? దానికీ డాక్టరే. ఆ డాక్టరు పాపం అన్నం తినేదెప్పుడు మే?

నవ్వు, పర్వాలేదు.

మరి నిన్న వార్డులో ఏం చేసినావు? కోయిలకుంట్ల మహాదేవమ్మకు ఊపిరాడకపోతే మొదట ఫోన్ పట్టుకున్యావా? ఆయమ్మను లేపి కూచోబెట్టినావు. వీపుకు దిండ్లు పెట్టినావు, ఆక్సిజన్ పెట్టినావు, మంచం చుట్టూ మూగిన చుట్టాలను బయటికి తోలినావు. డాక్టరుకు ఫోన్ చేసింది ఆ తర్వాతే. నేను వార్డు వాకిలి దగ్గర నిలబడి చూస్తానే ఉండా. శానా సంతోషమైంది. చెప్తే నెత్తికెక్కుతావని చెప్పల్యా.

అంత తెలిసినదానివి కంప్యూటర్ ముందర ఏమైపోయినావు? ఏమంటివి? పరీక్ష కదా మేడమ్, డాక్టరు కంటే ముందు మనమే చేస్తామంటే బాగుండదనా?

నీ మర్యాద పాడుగాను. మర్యాదకు మార్కుల్లేవు జీవితా. ముందర లైసెన్సు పరీక్షలో డోసు ఎంత, బీపీ ఎంత అని అడిగి ఊరుకునేటోళ్లు. బట్టీ పడితే గట్టెక్కేటోళ్లం. ఈ కొత్త పద్ధతిలో రోగి కథంతా చెప్పి, నువ్వేం గమనించినావు, ఏమనుకుంటాండావు, ముందు ఏం చేస్తావు అని అడుగుతారు. వాళ్లకు కావాల్సింది నీ బుర్ర, డాక్టరుది కాదు.

మల్ల గడియారం చూస్తావేంటికి? నా మాట చెవికెక్కల్యా?

సరే. ఇది మాత్రం ఎవరితో అనద్దు. మొన్న మీరు రాసినంక అదే పరీక్ష టీచర్లను కూడా రాయమన్యారు. తలుపేసుకోని రాసినాం. నాకు నీకంటే తక్కువ మార్కులొచ్చినాయి. డాక్టరు అడుగుపెడితే లేచి నిలబడి ఇన్నేండ్లు బతికినదాన్ని, నా వేలు మాత్రం యాడికి పోతాది చెప్పు? ఆ ‘డాక్టరుకు చెప్తా’ మీదికే పోయింది.

సోమవారం నేను మల్ల రాయల్ల. ఈసారీ తప్పితే మీకు పాఠం చెప్పే పని ఇంకొకరికి ఇస్తారంట. నిజం చెప్పాలంటే నాకు భయంగా ఉండాది మే. నువ్వు ఆ బస్సెక్కితే, నన్ను కూచోబెట్టి నేర్పేదెవరు?