పెద్ద డ్రమ్ము ఆగిన చుట్టు

నా పేరు ప్రిసిల్లా. తండ్రి కీర్తిశేషులు యేసురాజు. వయసు నలభై ఏడు. ప్రైవేటు బడిలో మ్యూజిక్ టీచర్ని. సికింద్రాబాద్, బొల్లారంలో ఉంటాను. మేజిస్ట్రేటు మేడం అడిగారు కాబట్టి చెబుతున్నాను, నన్ను ఎవరూ బెదిరించి తీసుకురాలేదు. బతిమాలినవాళ్లు ఉన్నారు గానీ, వాళ్లు వెళ్లొద్దని బతిమాలారు.

బొల్లారం ఫుట్‌బాల్ టీంకు మా నాన్న పెట్టిన బ్యాండు ఉంది. నాన్న పోయాక నేను నడుపుతున్నాను. నేను కార్నెట్ అనే చిన్న బాకా ఊదుతాను. నా తమ్ముడు ఆషర్ పెద్ద డ్రమ్ము వాయిస్తాడు. బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తాడు, పెళ్లి కాలేదు, నాతోనే ఉంటాడు. మా గ్రౌండులో మావాళ్లు గెలిస్తే బ్యాండు గెలుపు పాట వాయిస్తూ గ్రౌండు చుట్టూ మూడు చుట్లు తిరగాలి. మొదటి చుట్టులో ఓడినవాళ్ల ముందు ఆగి, టోపీ తీసి, వాళ్ల కోసం ఒకసారి నెమ్మదిగా వాయించాలి. అది ఎగతాళి కాదు, మర్యాద. వాళ్లు చప్పట్లు కొడతారు. ఇంకో నియమం ఉంది. మూడు చుట్లూ అయ్యేదాకా పాట ఆగకూడదు. నాన్న ఉండగా ఒకసారి వాన వచ్చి మధ్యలో ఆపితే ఆ సీజనంతా ఓడిపోయారట. ఇది బైబిల్లో లేదు గానీ బొల్లారంలో ఉంది. నేనూ నమ్మాను.

పోయిన ఆదివారం సాయంత్రం అల్వాల్ టీంతో మ్యాచ్. ఆట అయిపోవస్తుండగా మావాళ్లు గోల్ కొట్టారు. బంతి అల్వాల్ గోల్‌కీపర్ తుకారాం కాళ్ల మధ్య నుంచి పోయింది. చివరి విజిల్ పడగానే సత్యదేవ్ అనే ఆటో డ్రైవరు, మా టీం అభిమాని, మెట్ల మీద నిలబడి "ఏం కీపర్‌వి రా భై, నీ కాళ్ల నడుమకెళ్లి మెట్రో సుత పోతది" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తుకారాం మెట్లెక్కి అతని కాలర్ పట్టుకున్నాడు. జనం విడదీశారు. ఇది అందరూ చూసిందే. పోలీసులు రాసుకున్నదీ ఇంతే.

మేం పాట మొదలుపెట్టాం. అల్వాల్ వాళ్ల ముందు ఆగి నేను టోపీ తీశాను. తుకారాం దూసుకొచ్చి "బంద్ చెయ్ నీ బాజా! మా మొఖం మీదనే వాయిస్తున్నవా?" అని ఆషర్ మెడలో ఉన్న డ్రమ్మును బూటుకాలితో తన్నాడు. ఆషర్ వెల్లకిలా పడ్డాడు. డ్రమ్ము తోలు మీద నాన్న తన చేత్తో రాసుకున్న పేరు ఉంది. దాని మీద బూటు మట్టి అంటింది. ఆషర్ లేచి నా వైపు చూశాడు. ఆపొద్దని నేను కళ్లతోనే చెప్పాను. అక్కడ పాట ఆపి ఉంటే నాలుగు మాటలు అనుకునేవాళ్లు, మహా అయితే రెండు చెంపదెబ్బలు. నేను ఆపలేదు. ఆపలేదు మేడం, అది కూడా రాయించండి.

రెండో చుట్టులో నా వెనక పెద్ద డ్రమ్ము వినపడలేదు. తిరిగి చూశాను. డ్రమ్ము మూల జెండా దగ్గర నేల మీద ఉంది. ఆషర్ లేడు. పటాకుల పొగ. జనమంతా మా ముందు ఎగురుతున్నారు, ఎవరి చూపూ అటు లేదు. తుకారాం తన సంచీ కోసం గోల్ దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని గ్లవుజులు విప్పుకుంటున్నాడు. ఆషర్ అతని వెనక నిలబడ్డాడు. చేతిలో డ్రమ్ము కర్ర ఉంది. దాని తల మీద పైకి కనిపించేది ఉన్ని, లోపల నాన్న చెక్కిన చింతకర్ర గుండు. మొదటి దెబ్బ చెవి మీద పడింది. తుకారాం నెట్ పట్టుకుని లేవబోయాడు. రెండో దెబ్బ దవడ మీద. నోరు ఒక పక్కకి జారిపోయింది. మూడోది కింద పడ్డాక. తర్వాత ఎన్నో నాకు తెలియదు, నెట్ మాత్రం ఊగుతూనే ఉంది. అతను అరిచే ఉంటాడు. ఆ అరుపు ఎవరికీ వినపడకుండా చేసింది నేనే. నేను ఊదుతూనే ఉన్నాను.

మూడో చుట్టుకు ఆషర్ వచ్చి డ్రమ్ము మెడలో వేసుకున్నాడు. తాళం తప్పలేదు. ఒక్కచోట కూడా తప్పలేదు. కర్ర పడిన ప్రతిసారీ తెల్లటి తోలు మీద గుండ్రంగా ఎర్రటి మరక పడింది. గెలిచిన రోజు మావాళ్లు ఎర్ర గులాలు చల్లుతారు. అందరూ అదే అనుకున్నారు.

పడి ఉన్న తుకారాంను ముందు చూసింది సత్యదేవే. భుజాన వేసుకుని తన ఆటోలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. చొక్కాకి రక్తం అలా అంటింది. ఆ చొక్కా చూసి, కాలర్ గొడవ విని, పోలీసులు అతన్నే లోపల వేశారు.

ఇంటికొచ్చాక ఆషర్ "అక్కా, తోలు తడిగుడ్డతో తుడిచెయ్" అన్నాడు. ఎందుకు చేశావురా అని అడిగాను. "వాడు నాన్న పేరు మీద కాలు పెట్టాడు. నువ్వు టోపీ తీసి నిలబడ్డావు" అన్నాడు.

బుధవారం పొద్దున తుకారాం చనిపోయాడు. నేను చెప్పేసరికి ఆషర్ టిఫిన్ తింటున్నాడు. తినడం ఆపలేదు. ఇడ్లీని చిన్న చిన్న ముక్కలు చేసుకుని తిన్నాడు. అమ్మ పోయాక ఆ ముక్కలు నేనే చేసి పెట్టేదాన్ని. నాకు వాడి మీద అసహ్యం వేసింది. ప్రేమా పోలేదు.

ఆ రోజే సత్యదేవ్ వాళ్లమ్మ శ్యామలమ్మ మా బడి గేటు దగ్గరికి వచ్చింది. "టీచరమ్మా, మా పోరనికి నోరెక్కువ గని చెయ్యి లేవదు. నువ్వు గ్రౌండ్ల ఉంటివి గదా, జెర చూసింది చూసినట్టు చెప్పు" అంది. నేనేమీ చూడలేదన్నాను. "మంచిది బిడ్డా" అని నా చెయ్యి నొక్కి వెళ్లిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

మా చర్చి పెద్ద డేవిడ్ రాజు గారికి చెప్పుకున్నాను. "ఒక్కడే తమ్ముడమ్మా, తొందరపడకు. దేవుడు చూసుకుంటాడు" అన్నారు. దేవుడు చూసుకుంటాడు సరే, చూసినదాన్ని నేను కదా.

డ్రమ్మునూ కర్రనూ దుప్పట్లో చుట్టి తెచ్చాను. తుడవలేదు. నా మాట చాలకపోతే ఆ రోజు జనం ఫోన్లలో తీసిన వీడియోలు పెట్టి వినండి. రెండో చుట్టులో పెద్ద డ్రమ్ము ఉండదు. ఆ చప్పుడు లేనంతసేపూ నా తమ్ముడు తుకారాంను కొడుతున్నాడు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట "సదరు ఆషర్ అను వ్యక్తి" అని రాశారు. అది కొట్టించి "నా తమ్ముడు ఆషర్" అని రాయించాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగినట్టే ఉంది.

(సంతకం)
ప్రిసిల్లా